ఊపిరికి బెత్తెడు

సోమవారం

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. రోజూ నాలుగు ముక్కలు రాసుకుంటే తల మళ్లీ గాడిలో పడుతుందని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. నా తల ఏ గాడి తప్పిందో ముందు ఆవిడ చూపించాలి. చెయ్యి లేస్తోంది, కాలు నడుస్తోంది, నోటి సంగతి సరేసరి. ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో మంచం జరిపినందుకు మరదలితో గొడవ పెట్టుకున్నాను. తలలో దారప్పోగంత నరం ఒకటి చిట్లిందట. చిట్లితే చిట్లింది. తెగిన దారం ముడేసుకుని కుట్టుకుంటూ పోవడం నాకేమన్నా కొత్తా?

ఈ పుస్తకం ఎవరూ చూడరు. మరదలు చూస్తే దాని కళ్లు పీకుతానని చెప్పాను.

తారీఖు వెయ్యను, వారం చాలు. క్యాలెండర్లో గళ్లు మరీ చిన్నవి.

మంగళవారం

ఏడూ అయిదూ పదమూడు. ఆసుపత్రిలో అడిగినప్పుడు కంగారులో తడుముకున్నాను గానీ ఇవాళ నిమ్మళంగా కూర్చుంటే అదే వచ్చింది.

గురువారం

డాక్టరమ్మ దగ్గరికి తమ్ముడు తీసుకెళ్లాడు. ఆవిడకి నా కూతురి వయసుంటుంది, నాకు కూతురంటూ ఉంటే. టేబుల్ మీదికి వంగి, చంటిదాన్ని అడిగినట్టు అడిగింది.

"ఏడూ అయిదూ ఎంతమ్మా?"

"పదమూడు."

"పోనీ, ఏడైదులు?"

"ముప్పై అయిదు. ఏడార్లు నలభై రెండు, ఏడేళ్లు నలభై తొమ్మిది. ఇంకా చెప్పనా?"

చెప్పక్కర్లేదంది. తమ్ముడు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పదమూడు దగ్గరే వాడు తల తిప్పుకున్నాడు, నేను గమనించాను.

"ఎక్కాలు మీకు పాటలా నోట్లో ఉండిపోయాయి. తలతో పని లేకుండా నోరే పాడేస్తుంది. కూడిక అలా కాదమ్మా, ప్రతిసారీ కొత్తగా చేసుకోవాలి. ఆ చేసుకునే చోటే దెబ్బ తగిలింది."

"మళ్లీ వస్తుందా?"

"రావచ్చు. కొందరికి పూర్తిగా రాదు. మీరు ఏం పని చేస్తారన్నారు?"

నాకు ఒళ్లు మండింది. కాగితాల్లో రాసే ఉంది కదా. కోట్లు కత్తిరిస్తానని చెప్పాను. కోటంటే ఏమనుకున్నారు, కూడికే అన్నాను. ఒంటి కొలత ఒకటి. దాని మీద ఊపిరి పీల్చుకోవడానికి, చెయ్యి ఎత్తడానికి, వంగి చెప్పులేసుకోవడానికి లూజు కలపాలి. ఆ పైన కుట్టుకి పోయే గుడ్డ కలపాలి. ఒంటి కొలతకే కత్తిరిస్తే అది బట్ట కాదు, కట్టు. నలభై ఏళ్లుగా పొద్దున లేస్తే నేను చేసేది ఈ కూడికేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

ఆవిడ అదీ కాగితంలో రాసుకుంది. వచ్చేటప్పుడు ఒక సంచీలో రంగు పూసలు ఇచ్చింది. ఒక గుప్పెడు, ఇంకో గుప్పెడు, రెండూ కలిపి లెక్కపెట్టాలట. సంచీ బీరువా కింద అరలో, పాత చెప్పుల వెనక పెట్టాను.

శనివారం

కొట్లోకి దిగాను. పైన ఇల్లు, కింద కొట్టు, మెట్లు దిగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తమ్ముడు కౌంటర్ దగ్గర ఎవరికో బిల్లు రాస్తున్నాడు. నన్ను చూసి పరుగున వచ్చాడు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కాజాలావిడ నోట్లో సూదితోనే నవ్వింది. ఆవిడ మా కొట్లో చేరినప్పటి నుంచీ కాజాలూ బొత్తాలూ తప్ప ఇంకేమీ కుట్టలేదు, అసలు పేరు నాకే గుర్తులేదు.

"అక్కా, కొన్నాళ్లు కౌంటర్లో కూర్చో. బల్ల ఎక్కడికీ పోదుగా."

"బల్ల పోదు. మరి నేనెందుకు పోవాలి?"

నేను వెళ్లి నా బల్ల దగ్గర నిలబడ్డాను. కత్తెర నేను పెట్టిన చోటే ఉంది. ఎవరూ ముట్టుకోలేదంటే భయంతోనే అయ్యుంటుంది.

బ్యాండు వాళ్ల ఆర్డరు వచ్చింది. పద్దెనిమిది కోట్లు, నీలం గుడ్డ, ఇత్తడి బొత్తాలు. నేను ఆసుపత్రిలో ఉండగానే తమ్ముడు వాళ్లని పిలిపించి ఒక్కరోజులో అందరి కొలతలూ తీసేశాడు. మా ఇద్దరినీ పనిలో పెట్టినప్పుడే నాన్న గీత గీశాడు: వాడు కొలవాలి, నేను కత్తిరించాలి. కొలిచేవాడు ఒంటిని ఉన్నదున్నట్టు రాసి ఊరుకోవాలి, లూజు కలపడం కత్తెర పట్టినవాళ్ల పని. ఇద్దరూ కలిపితే గోనెసంచీ అవుతుంది, ఎవరూ కలపకపోతే ఉరితాడు అవుతుంది అనేవాడు.

ముందు పెద్ద డ్రమ్మాయన కోటు మొదలుపెట్టాను. అందరికంటే లావు మనిషిది అయిపోతే మిగతావి చకచకా నడుస్తాయి. గుడ్డ పరిచి చాక్ పట్టుకునేసరికి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నానికి కత్తిరించేశాను. తమ్ముడు రెండుసార్లు వచ్చి వెనక నిలబడి వెళ్లిపోయాడు.

కూడిక రాదట. డాక్టరమ్మని రమ్మనండి, చూపిస్తాను.

మంగళవారం

పెద్ద డ్రమ్మాయన ట్రయలుకి వచ్చాడు.

టేపు పాతబడింది. పాత టేపులు సాగుతాయి, గుడ్డ టేపు అయితే మరీను. ఎన్నేళ్ల నుంచి వాడుతున్నానో. కొత్తది కొనాలి.

బుధవారం

కొత్త టేపు కొన్నాను. పాతదాని పక్కన పరిచి చూశాను. రెండూ ఒకటే.

శుక్రవారం

నిన్న రాయలేదు. రాయాల్సినదేదో రాసి పారేస్తాను.

డ్రమ్మాయన మంచివాడు. కోటు వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. ఇంకో మనిషి దూరేంత చోటుంది లోపల. భుజాలు మోచేతుల వైపు జారాయి. ఆయన గొంతు సవరించుకుని, "చలికాలంలో లోపల స్వెటర్ వేసుకుంటాలెండి" అన్నాడు. మిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. కాజాలావిడ అటు తిరిగి కళ్లురిమింది.

తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి, "పర్లేదక్కా, ఇప్పుడిప్పుడేగా లేచావు" అన్నాడు. వాడు అరిచుంటే బాగుండేది. నలభై ఏళ్లలో నేను గుడ్డ పాడుచేస్తే వాడు అరవకపోవడం ఇదే మొదటిసారి.

ఏడూ అయిదూ పదకొండు. కాదు. పదమూడు అని వెనక రాశాను. రెండూ ఒకేలా నిజంలా కనిపిస్తున్నాయి, అదీ నాకు నచ్చనిది.

ఆదివారం

ఇవాళ ఏమీ రాయను.

మంగళవారం

కత్తిరింపుకి కొత్త మాస్టరు వచ్చాడు. తమ్ముడు నాకు చెప్పలేదు, మరదలితో చెప్పించాడు. "వదినా, మీకు సాయంగా ఉంటాడని" అంది మరదలు, నా మొహం చూడకుండా దుప్పటి మడతపెడుతూ. సాయానికి వచ్చినవాడు నా బల్ల దగ్గర ఎందుకు నిలబడతాడు?

మనిషి వంక పెట్టడానికి లేడు. సన్నగా, శుభ్రంగా, తక్కువ మాట్లాడతాడు. తన కత్తెర తనే తెచ్చుకున్నాడు, మెత్తటి గుడ్డలో పసిపిల్లని చుట్టినట్టు చుట్టి. నా కత్తెర చూసి, "ఇది మీదే ఉంచుకోండమ్మా, నేను ముట్టను" అన్నాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాడు.

నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. ఇత్తడి బొత్తాలు కోటుకి ఎన్ని కావాలో అన్నేసి పొట్లాలు కట్టమన్నారు. తమ్ముడు ఒక పొట్లం ముందే కట్టి నమూనాగా నా ముందు పెట్టాడు. దాని పక్కన ఒక్కో బొత్తమే పేర్చుకుంటూ కట్టాను. వాడు అంత దూరం ఆలోచించి పెట్టాడంటే ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెంటిలో కోపాన్నే ఉంచుకున్నాను.

బల్ల నాది. ఇక్కడ రాసి పెడుతున్నాను. చెక్క పనివాడి దగ్గర కూర్చుని నా నడుము ఎత్తుకి చేయించుకున్న బల్ల అది. ఆ మాస్టరు వంగి వంగి కత్తిరిస్తున్నాడు. నెల తిరిగేలోపు నడుం నొప్పి వస్తుంది. రావాలి.

గురువారం

డాక్టరమ్మ పూసల సంగతి అడిగింది. రోజూ చేస్తున్నానని చెప్పాను. ఎంత మెరుగుపడిందో చూద్దామని అడిగింది. మెరుగుపడలేదు. "పని వదిలేయడం గురించి ఇంట్లో మాట్లాడుకున్నారా?" అంది, పాపం మెత్తగానే. నేను లేచి వచ్చేశాను.

శుక్రవారం

ఇవాళ్టిది మెల్లగా, వరసగా రాయాలి. రాయకపోతే రేపు నేనే నమ్మను.

నా గది కిటికీ తెర ఎండకి మాడి చీలికలైంది. ఖాళీగా కూర్చోలేక కొత్తది కుడదామనుకున్నాను. టేపు పట్టాను. వెడల్పు చదివాను, దానికి మడత కలపబోయాను. అంకె జారిపోయింది. మళ్లీ చదివాను, మళ్లీ జారింది. టేపు విసిరి కొట్టాను. మూల దండెం కోసం తెచ్చిన తెల్ల నాడా ఒకటి ఉంటే దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకుని, చివర బొటనవేలు నొక్కి, అలాగే తీసుకెళ్లి గుడ్డ మీద పరిచాను. వేలు ఉన్న చోట పక్కనే నాలుగు వేళ్లు ఆనించి, మడతకని బెత్తెడు వదిలి, చాక్ గీశాను. కత్తిరించాను. కుట్టి కట్టాను. సరిపోయింది.

మంచం మీద కూర్చుని ఆ తెర వంక చూస్తూ ఉండిపోయాను. అంకె లేదు. ఒక పొడుగు పక్కన ఇంకో పొడుగు పెట్టానంతే. మరి కూడిక అంటే అంతేగా. ఇది పక్కన అది పెట్టి, మొత్తం ఎంతైందో చూడటమేగా. దానికి పదమూడో పద్నాలుగో పేరు పెట్టేది తర్వాత.

ఇంకోటి గుర్తొచ్చింది. డ్రమ్మాయన కోటుకీ నేను అంకెలు కలపలేదు. నలభై ఏళ్లలో ఎప్పుడూ కలపలేదు. తమ్ముడు రాసిన అంకె దాకా టేపు లాగడం, దాని చివర నాలుగు వేళ్లు ఆనించడం, గీయడం. ఛాతీకి బెత్తెడు లూజు, నాన్న నేర్పింది అదే. తల కలుపుతోందనుకున్నాను, కలిపింది చెయ్యి.

మరి ఆ కోటు గోనెసంచీ ఎందుకైంది? ఆసుపత్రి తిండికి నా వేళ్లేమన్నా లావెక్కాయా? ఎంత ఆలోచించినా తెగలేదు. తెగకపోతే పోయింది, ఈసారి అంకెల జోలికే పోను.

సోమవారం

కాజాలావిడని వెంటేసుకుని బ్యాండు వాళ్లు సాధన చేసే హాలుకి వెళ్లాను. తమ్ముడికి పళ్లడాక్టరు దగ్గరికని చెప్పాను. సంచీ నిండా నాడాలు, జేబులో సిరా పెన్ను.

బ్యాండు మాస్టరు బిత్తరపోయాడు. "కొలతలు మొన్ననే ఇచ్చాం కదండీ?"

"మొన్న నిలబడి ఇచ్చారు. ఇవాళ వాయిస్తూ ఇవ్వండి."

"వాయిస్తూనా?"

"కోటు వేసుకుని ఊరికే నిలబడతారా, వాయిస్తారా?"

ముందు బూర ఊదే అమ్మాయి వచ్చింది. ఊదకముందు నాడా చుట్టి గీత పెట్టాను. ఊదమన్నాను. సిగ్గుపడుతూ ఊదింది. గట్టిగా ఊదమన్నాను. ఒక్కసారి ఊపిరి లాగి ఊదేసరికి నాడా నా వేళ్ల మధ్య నుంచి సర్రున జారింది. జారిన చోట రెండో గీత పెట్టి, రెండు గీతల మధ్య వేళ్లు ఆనించి చూశాను. బెత్తెడు. నాన్న ఎక్కడ నేర్చుకున్నాడో గానీ గాలిలోంచి మాత్రం తియ్యలేదు ఆ బెత్తెడు.

పెద్ద డ్రమ్మాయన నన్ను చూసి కాస్త జంకాడు. స్వెటర్ కొన్నారా అని అడిగాను. నవ్వేశాడు. ఆయనకి లూజు ఛాతీ దగ్గర కాదు, వీపు మీద కావాలి, రెండు చేతులూ ముందుకు చాచి కొడతాడు కదా. అది నిలబెట్టి కొలిస్తే ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో నాడా. ఛాతీ గీతల దగ్గర ఒక చుక్క, నడుము గీత దగ్గర రెండు, చేతి గీత దగ్గర మూడు. ఎవరి నాడాకి వాళ్ల బొమ్మ కాజాలావిడ కుట్టింది, బూరకి బూర, తాళాలకి తాళాలు. డ్రమ్ము బొమ్మ తినే బూరెలా వచ్చిందని నేను వెక్కిరిస్తే, "నాకు కాజాలే వచ్చు అక్కగారూ" అంది.

మెట్లెక్కేటప్పుడు తమ్ముడు ఎదురొచ్చాడు. "పన్ను ఎలా ఉందక్కా?" అన్నాడు. పీకేశారని చెప్పాను.

బుధవారం

బల్ల కింద పడేసిన గోనెసంచీ కోటుని పైకి తెచ్చుకున్నాను. పెద్దదైన కోటు నయం, చిన్నదైతే చచ్చినా పెరగదు. కాజాలావిడ కుట్లన్నీ విప్పింది. నాడా రెండు మడతలేస్తే సగం, ఇంకో మడతేస్తే పావు, ముందు పలక, వెనక పలక అలా తీశాను. చివర వేళ్లు, ఆ పక్కన కుట్టుకి బొటనవేలు. నా మంచం మీదే కత్తిరించాను. నడుం పట్టేసింది. ఆ కొత్త మాస్టరుకి కోరుకున్న నొప్పి నాకొచ్చింది.

గురువారం

పూసలు చెయ్యలేదని డాక్టరమ్మకి నిజం చెప్పాను. నాడా చూపించాను. తిప్పి తిప్పి చూసింది. ఇది నయమవడం కాదమ్మా, చుట్టుదారి అంది. ఇల్లు చేరితే చాలదా అన్నాను. ఇంటికెళ్లి నాడాలు సర్దుకున్నాను.

శనివారం

ట్రయలు రోజు. ఇది మాత్రం పూర్తిగా రాస్తాను.

బ్యాండు మాస్టరు, బూర అమ్మాయి, పెద్ద డ్రమ్మాయన వచ్చారు. కొత్త మాస్టరు బూర అమ్మాయి కోటు తెచ్చి వేశాడు. ఆ పిల్ల చేతులు వేళ్ల దాకా కోటు చేతుల్లోకి పోయాయి. కాలరు మెడకీ దానికీ సంబంధం లేకుండా నిలబడింది. గోనెసంచీ. సాక్షాత్తూ నాది లాంటిదే, కాస్త చిన్న సైజు.

మిషన్లు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. కొత్త మాస్టరు మొహం తెల్లబోయింది. టేపు తీసి కోటు కొలిచాడు, రాసిన కొలత చూశాడు, మళ్లీ కొలిచాడు.

"కొలతకి మూడు అంగుళాల లూజు కలిపానండీ, ఎప్పుడూ కలిపేదే. ఎక్కడా తప్పలేదు" అన్నాడు.

నేను తమ్ముడి వంక చూశాను. వాడు నేల వంక చూస్తున్నాడు. ఎంతసేపు చూస్తాడు.

"నేను ముందే కలిపేశాను" అన్నాడు.

"ఏంటి?"

"అందరి కొలతల్లోనూ. రాసేటప్పుడే మూడేసి కలిపి రాశాను. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చాక కలపలేవని... నీకు తెలియకుండా సరిపోతుందని అనుకున్నానక్కా."

అంటే నా వేళ్లు తప్పలేదు. నా వేళ్లు ఎప్పట్లా బెత్తెడు కలిపాయి, వీడు దొంగచాటుగా కలిపిన దాని మీద. ఆ గుడ్డ ముందు నిలబడి నేను నా తలని తిట్టుకున్న తిట్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. టేపు కొన్న రోజు గుర్తొచ్చింది.

పదిమంది ముందు గొడవ పెట్టుకోవడం మా ఇంటా వంటా లేదు. పైకి వెళ్లి నేను కుట్టిన కోటు తెచ్చి డ్రమ్మాయనకి వేశాను. బొత్తాలు పెట్టుకోమన్నాను. చేతులు ముందుకు చాచి వాయించమన్నాను. ఆయన గాలిలో దబదబా వాయించాడు. వీపు మీద ఒక్క మడత లాగలేదు, భుజం కదల్లేదు. ఇంకా కొడుతూనే ఉన్నాడు, చాలు అన్నా ఆపలేదు.

"ఎలా కొలిచారమ్మా?" అన్నాడు కొత్త మాస్టరు. నాడా ఇచ్చాను. గీతల మధ్య తన వేళ్లు ఆనించి చూసుకున్నాడు. "తప్పు కొలత మీద నేను కత్తిరించినవాటికి నా పూచీ లేదండీ" అని తమ్ముడితో చెప్పి కత్తెర గుడ్డలో చుట్టుకున్నాడు. నాకు ఆ మనిషి నచ్చాడు.

శనివారమే, పైన

తమ్ముడు నా గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మనలేదు.

"నా కోటు చూసినప్పుడే నీకు తెలిసింది" అన్నాను.

"తెలిసింది. నువ్వు కలపవనుకున్నా, కలిపావని అప్పుడే తెలిసింది. చెబితే నిన్ను నమ్మలేదని తెలిసిపోతుందిగా. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నా. ఈలోపు నువ్వు టేపు కొనుక్కొచ్చావు. ఇంక నోరు రాలేదు, మాస్టరుకి చెప్పినా నీ చెవిన పడుతుందని ఆ కొలతలే ఇచ్చేశా."

"దానికని నా బల్ల దగ్గర ఇంకో మనిషిని నిలబెట్టావు."

"నీ తల నిజంగానే దెబ్బతింది కదక్కా. ఏడూ అయిదూ అడిగితే..."

"దెబ్బతింది. అది నా తల. దాని గురించి అబద్ధమాడాలంటే నేనాడుకుంటాను, నువ్వెవడివి?"

వాడు ఏడుపు మింగాడు, గుటక వినిపించింది. నాకు జాలేసింది, ఒప్పుకుంటాను. అయినా తలుపు వేసేశాను.

నిజం ఇక్కడ రాస్తున్నాను. నాకు కూడిక రాదు. అంకెలు ఇచ్చి కలపమంటే నోటికొచ్చింది చెబుతాను, అది ఒప్పో తప్పో నాకే తెలియదు. ఇకమీదట వస్తుందో రాదో డాక్టరమ్మకీ తెలియదు. అయినా బల్ల నాది.

సోమవారం

పొద్దున్నే దిగి కత్తెర తీసుకున్నాను. కొత్త మాస్టరు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు, లెక్క తేల్చుకుని పోవడానికి వచ్చాడు. ప్యాంట్లు కత్తిరిస్తారా అని అడిగాను. బ్యాండు వాళ్లకి ప్యాంట్లు కూడా కావాలి, నడుము కింద ఎవడూ ఊపిరి పీల్చడు, అక్కడ అంకెలు చాలు అన్నాను. ఆలోచించి, బల్ల ఇంకోటి కావాలన్నాడు. ఎత్తుగా చేయించుకోమన్నాను.

తమ్ముడితో మాట్లాడటం లేదు. కావలసినవి కాజాలావిడ చేత చెప్పిస్తున్నాను. గుడ్డ తెమ్మనండి. చాక్ అయిపోయిందనండి. ఆవిడ అటూ ఇటూ తిరిగి విసిగిపోయి, "మీ ఇద్దరికీ కలిపి ఒక కాజా కుట్టేస్తాను" అంది.

శుక్రవారం

తొమ్మిది కోట్లు అయ్యాయి. ఎన్ని మిగిలాయని మరదలు అడిగితే, నాడాలు ఎన్ని వేలాడుతున్నాయో చూసుకోమన్నాను.

బుధవారం

కోట్లన్నీ అయిపోయాయి. బ్యాండు వాళ్లు వచ్చి వేసుకుని, కొట్టు ముందు రోడ్డు మీదే ఒక పాట వాయించి మరీ వెళ్లారు. ట్రాఫిక్ ఆగిపోయి అందరూ హారన్లు కొట్టారు. బూర అమ్మాయి బుగ్గలు పొంగించి ఊదుతుంటే ఆ కోటు ఆ పిల్లతో పాటే పొంగి, ఆ పిల్లతో పాటే తగ్గింది. నేను చూసింది అదొక్కటే.

గురువారం

కొట్టు కట్టేసే వేళకి తమ్ముడు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కాజాలావిడని పిలవబోయాను. ఆవిడ వెళ్లిపోయింది.

"నాకో కోటు కుట్టక్కా" అన్నాడు.

అందరినీ కొలిచేవాడు, వాణ్ని ఎవరు కొలిచారు? వాడి బట్టలకి నాన్న ఉన్నప్పుడు నాన్నే కొలిచేవాడు, ఆ తర్వాత పాత చొక్కా పెట్టి కానిచ్చేస్తున్నాం. నాడా తీసుకుని చేతులు ఎత్తమన్నాను. ఎత్తాడు. ఛాతీ చుట్టూ నాడా తిప్పి పట్టుకున్నాను. చిక్కిపోయాడు. నన్ను ఆసుపత్రిలో పడేసిన రోజు నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదని మరదలు అంటే దాని నస అనుకున్నాను.

"ఊపిరి పీల్చు."

కొంచెం పీల్చాడు.

"నాకు మొహమాటం కొలత వద్దు. నిండా పీల్చు."

పీల్చాడు. పీల్చి, వదలడం చేతకాక అక్కడే ఆగాడు. ఆ మీదట భుజాలు కదిలిపోయాయి. చేతులు అలా గాలిలో ఎత్తుకునే ఏడవడం మొదలుపెట్టాడు, దించమని నేను చెప్పలేదు కదా. నువ్వు పోతావనుకున్నానక్కా అన్నాడు. ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. నాడా నా వేళ్లలోంచి జారుతోంది, వస్తోంది, మళ్లీ జారుతోంది. నేను వదల్లేదు. నాకూ కళ్లు కనపడలేదు కాసేపు. బూర అమ్మాయి ఎంత గట్టిగా ఊదినా జారనంత జారింది. అంతదాకా జారిన చోట బొటనవేలు నొక్కి పట్టుకున్నాను.

వాడు మొహం తుడుచుకుని, అలవాటు కొద్దీ చెవి మీది పెన్సిల్ తీశాడు.

"ఎంత వచ్చిందక్కా?"

"నువ్వు రాయక్కర్లేదు" అన్నాను. వేలు తియ్యకుండా నాడాని తీసుకెళ్లి గుడ్డ మీద పరిచాను.